ఒక్క ప్రాణంతో ఆట
(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)



నేను బనియాస్ నుంచి మాట్లాడుతున్నాను. అబూధాబి ద్వీపం దాటి ఎడారి వైపు వస్తే, ముసఫ్ఫా పారిశ్రామికవాడకు అవతల ఉంటుంది ఈ పేట. విల్లాలు, మసీదులు, బవాబత్ అల్ షర్క్ అనే పెద్ద మాలు, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, పొద్దున్నే కూలీల బస్సులు వెళ్ళే రోడ్లు, ఇవీ ఇక్కడ కనిపించేవి. మాది జగిత్యాల వైపు. కట్టడాల దగ్గర సేఫ్టీ విభాగంలో పని చేస్తాను. అంటే హెల్మెట్టు పెట్టుకున్నావా, బెల్టు కట్టుకున్నావా, పరంజా గట్టిగా ఉందా అని రోజంతా అడిగి అందరికీ విసుగు తెప్పించే ఉద్యోగం అన్నమాట.

ఇవాళ నేను చెప్పబోయేది వీడియో గేముల చరిత్రలో ఒక చిన్న అధ్యాయం. ఆటను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా చావకుండా ముగించాలని పంతం పట్టినవాళ్ళ కథ. సేఫ్టీ వాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగొచ్చు. నా ఉద్యోగమే అది కదండీ! ఎవరూ చావకుండా పని పూర్తి చేయించడం. అందుకే ఈ ఆటగాళ్ళ చరిత్ర చదివినప్పుడల్లా నాకు మా సైటే గుర్తొస్తుంది.

మొదట మన ఆటల సంగతి చూద్దాం. ఆటలో చావు అనేది కంప్యూటర్లతో పుట్టింది కాదు. చిన్నప్పుడు చెడుగుడులో పట్టుబడినవాణ్ణి "చచ్చావురా, బయటికి పో" అనేవాళ్ళం. ఆ చెడుగుడు దేశంలో మూడు పద్ధతుల్లో ఉండేదని కబడ్డీ చరిత్ర చెప్తుంది. మొదటిది సంజీవని. అవతలి వాడొకడు ఔటైతే మనవాడొకడు బతికి వస్తాడు. రెండోది గామిని. ఔటైనవాడు తన జట్టులో అందరూ ఔటయ్యే దాకా బయటే కూర్చోవాలి. మూడోది అమర్. పట్టుబడినా బయటికి పోనక్కర్లేదు, పాయింటు మాత్రం అవతలి వాళ్ళకు పోతుంది. ఇవాళ టీవీలో చూసే కబడ్డీ సంజీవని పద్ధతి నుంచి వచ్చింది. చూశారా, చచ్చినవాడు తిరిగి రావాలా, రాకూడదా, అసలు చావే ఉండొద్దా అన్న మూడు ప్రశ్నలకూ మన మట్టిలోనే మూడు జవాబులు ఉన్నాయి. వీడియో గేములు తర్వాత నలభై ఏళ్ళు తిరిగింది ఈ మూడింటి చుట్టూనే.

ఇక యంత్రాల దగ్గరకు వద్దాం. 1978లో జపానులో టైటో కంపెనీ స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటను విడుదల చేసింది. తయారు చేసినవాడు తొమొహిరో నిషికాదో. పైనుంచి వరసలు వరసలుగా దిగే గ్రహాంతరవాసుల్ని కింద నుంచి కాల్చాలి. మొత్తం మూడు ప్రాణాలు. ఒక వరస అయిపోతే ఇంకొకటి వస్తుంది, దానికి ముగింపు లేదు. ఎంత బాగా ఆడినా చివరికి చావాల్సిందే. ఎందుకంటే అది నాణెం వేస్తే నడిచే పెట్టె. ఆడేవాడు చస్తేనే ఇంకో నాణెం పడుతుంది. చావే దుకాణదారుడి రాబడి. మూడు ప్రాణాలు అనే మాట అక్కడి నుంచే స్థిరపడింది. మన పిల్లలు "నాకింకా రెండు లైఫులున్నాయి" అంటే అది ఆ నాణేల లెక్కే.

1980లో నామ్కో కంపెనీ పాక్‌మాన్ వచ్చింది. దీని కర్త తోరు ఇవతాని. దీనికీ ముగింపు పెట్టలేదు గాని, యంత్రమే ఒక ముగింపు తెచ్చుకుంది. లెవెల్ నంబరు దాచుకునే చోట 0 నుంచి 255 వరకే పడుతుంది. 256వ లెవెల్‌కు వచ్చేసరికి ఆ లెక్క పొంగిపోయి తెర కుడి సగమంతా పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. అక్కడ ఆట ముందుకు సాగదు. అంటే అనుకోకుండా ఒక గోడ ఏర్పడింది. గోడ ఉందంటే దాని దాకా చావకుండా వెళ్ళాలనే మనిషి పుడతాడు. ప్రతి చుక్కా, ప్రతి పండూ తిని, దయ్యాలు నీలంగా మారిన ప్రతిసారీ నాలుగింటినీ మింగి, 255 లెవెళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోగొట్టుకోకుండా ఆడితే, చివరికి వచ్చే అత్యధిక స్కోరు 33,33,360. 1999లో అమెరికా ఆటగాడు బిల్లీ మిచెల్ ఈ స్కోరు చేశాడని ప్రపంచమంతా చెప్పుకున్నారు. సుమారు ఆరు గంటల ఆట.

ఇందులో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. 256వ లెవెల్‌లో ఆ పిచ్చి అక్షరాల మధ్య కొన్ని చుక్కలు దాగి ఉంటాయి. ఒక ప్రాణం పోయి ఇంకో ప్రాణం మొదలైనప్పుడు అవి మళ్ళీ వస్తాయి. కనుక పూర్తి స్కోరు కావాలంటే, అంతసేపు కాపాడుకున్న ప్రాణాలన్నీ అక్కడ ఒక్కొక్కటిగా కావాలనే ఖర్చు పెట్టాలి. చావకుండా వచ్చినవాడు చివర్లో లెక్కపెట్టి చావాలి. పెళ్ళి ఖర్చుకని పైసా పైసా కూడబెట్టినట్టు!

అదే 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైఖేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు రోగ్ అనే ఆట రాశారు. తర్వాత కెన్ ఆర్నాల్డ్ కలిశాడు. ఇందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. ఆడేవాడి గుర్తు ఈమెయిల్ అడ్రసులో వచ్చే ఆ గుండ్రటి 'ఎట్' అక్షరం. ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది. మధ్యలో ఆపి దాచుకోవచ్చు కాని, తిరిగి తెరవగానే ఆ దాచిన ఫైలు చెరిగిపోతుంది. చస్తే మొదటికి రావాల్సిందే. నాణేల పెట్టెలో చావు వ్యాపారం కోసం పెట్టింది. రోగ్‌లో నాణెమే లేదు. మరి చావు ఎందుకు? వేసే ప్రతి అడుగుకూ బరువు ఉండాలని. తలుపు తెరవాలా వద్దా అని నిజంగా ఆలోచించాలని. ఇది చెడుగుడులో గామిని పద్ధతి. తర్వాత 1987లో వచ్చిన నెట్‌హాక్ ఈ దారిలోనే నడిచి, ఇప్పటికీ ఆడేవాళ్ళను నిలుపుకుంది.

ఇక మనలాంటి ఊళ్ళకు వీడియో గేము వచ్చింది వేరే దారిలో. 1983లో జపానులో నింటెండో తెచ్చిన ఫామికాం అనే పెట్టెకు నకళ్ళు తయారై, మన దేశంలో సమురాయ్, మీడియా వంటి పేర్లతో అమ్ముడయ్యాయి. క్యాసెట్టు గుచ్చితే మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్. మా వైపు దాన్ని కొనగలిగిన ఇళ్ళు తక్కువ. బస్టాండు వెనక ఒక గదిలో నాలుగు టీవీలు పెట్టి గంటకు పది రూపాయలు తీసుకునేవాడు. ఇక్కడ నాణెం లేదు, గంట ఉంది. చస్తే డబ్బు పోదు, చెయ్యి మారాలి. "చచ్చావు కదా, ఇటియ్యి" అని పక్కవాడు రిమోట్ లాక్కునేవాడు. ముగ్గురు కలిసి గంట కొనుక్కుంటే, చావనివాడే ఎక్కువసేపు ఆడతాడు. చావకుండా ఆడటంలో మాకు తెలిసిన మొదటి లాభం అదే!

కాంట్రాలో ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది, ఉన్నవి మూడు. అందుకే ముప్ఫై లైఫుల మంత్రం అందరికీ నోటికొచ్చు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. ఈ మంత్రాన్ని మొదట పెట్టింది కొనామి కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రాడియస్ అనే ఆట ఇంటి పెట్టెకు తయారవుతుంటే, పరీక్షించడానికి ఆడాల్సి వచ్చి, మరీ కష్టంగా ఉందని తన సౌకర్యం కోసం పెట్టుకున్నాడు. 2020లో ఆయన చనిపోయినప్పుడు ప్రపంచం నలుమూలలా జనం ఈ బటన్ల వరసనే రాసి నివాళి చెప్పారు.

అదే 1986లో జెల్డా అనే ఆట ఆడినంత మేరకు దాచుకుని తర్వాత కొనసాగించే వీలు ఇచ్చింది. అప్పటి నుంచి సేవ్ అనేది మామూలైంది. పొడుగాటి కథలు చెప్పడం కుదిరింది గాని, చావు చవకైపోయింది. చస్తే అర నిమిషం వెనక్కి, అంతే. అది సంజీవని కూడా కాదు, ఇంచుమించు అమర్.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. యంత్రం చావును చవక చేశాక, ఆటగాళ్ళే దానికి మళ్ళీ ఖరీదు కట్టారు. 2000లో బ్లిజార్డ్ కంపెనీ డయాబ్లో 2లో హార్డ్‌కోర్ అనే పద్ధతి పెట్టింది. ముందు ఒకసారి మామూలుగా ఆట పూర్తి చేస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. అందులో వీరుడు చస్తే మళ్ళీ లేవడు. 2010లో నిక్ ఫ్రాంకో అనే అతను పోకెమాన్ ఆటకు తనంతట తనే ఒక నియమం పెట్టుకుని, ఆ అనుభవాన్ని బొమ్మల కథగా గీశాడు. ఆటలో జంతువు మూర్ఛపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళి లేపొచ్చు. ఇతను మాత్రం మూర్ఛపోతే చచ్చినట్టే లెక్క వేశాడు. ఆ నియమానికే నజ్‌లాక్ అని పేరు. యంత్రానికి ఈ నియమం సంగతే తెలియదు! అది ఆడేవాడి మనసులో మాత్రమే ఉంటుంది. మనవాళ్ళు మొక్కుకుని చెప్పుల్లేకుండా కొండెక్కినట్టు. మెట్ల దారికి ఆ మొక్కు సంగతి తెలియదు, ఎక్కేవాడికి తెలుసు.

2011లో మైన్‌క్రాఫ్ట్‌లో హార్డ్‌కోర్ వచ్చింది. అందులో చస్తే, కట్టుకున్న లోకం ఇక మనది కాదు. ఫిల్జా అనే బ్రిటిష్ ఆటగాడు ఒకే లోకంలో ఐదేళ్ళు బతికాడు. 2019 ఏప్రిల్‌లో, జనం చూస్తుండగా, ఒక చిన్న జాంబీ పిల్ల చేతిలో చచ్చాడు. పెద్ద రాక్షసుల చేతిలో కాదు, అలవాటైపోయిన మామూలు శత్రువు చేతిలో. మా శాఖలో పాతికేళ్ళ అనుభవం ఉన్న పెద్దలు చెప్పేదీ ఇదే. నలభయ్యో అంతస్తులో జాగ్రత్తగా ఉన్న మనిషి రెండో మెట్టు మీద పడతాడు.

ఇదే కాలంలో జపాను కంపెనీ ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ నుంచి డీమన్స్ సోల్స్ 2009లో, డార్క్ సోల్స్ 2011లో వచ్చాయి. పదే పదే చావడమే పాఠంగా తయారైన ఆటలివి. ఒకదాన్ని ముగించడానికే మామూలు మనిషి వందల సార్లు చస్తాడు. 2018లో హ్యాపీ హాబ్ అనే పేరుతో ఆడే ఆటగాడు ఈ వరసలో ఐదు ఆటలను ఒకదాని వెంట ఒకటిగా, చావకుండానే కాదు, ఒక్క దెబ్బ కూడా తగలకుండా ముగించాడు. ఎక్కడ ఒక దెబ్బ తగిలినా మొదటి ఆట మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు.

వీళ్ళు ఎలా సాధిస్తారో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఆటను ముక్కలు ముక్కలుగా కోసుకుంటారు. ఒక్కో శత్రువు దగ్గర వందలసార్లు కావాలని చచ్చి, కత్తి ఎప్పుడు లేస్తుంది, ఎటు తిరిగితే తప్పుతుంది అని కాగితం మీద రాసుకుంటారు. ఎక్కడ కొంచెంలో తప్పిందో అదీ రాసుకుంటారు. కాబట్టి చావకుండా ఆడేవాడు అందరికంటే ఎక్కువసార్లు చచ్చినవాడు. లెక్కలోకి రాని చావులు వేలు ఉంటేనే లెక్కలోకి వచ్చే ఆ ఒక్క ఆట నిలబడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. చావలేదని ఎవరు చెప్పాలి? రికార్డు అన్నాక సాక్షి కావాలి. 1981లో అమెరికాలో వాల్టర్ డే మొదలుపెట్టిన ట్విన్ గెలాక్సీస్ అనే సంస్థ స్కోర్ల లెక్క రాసేది. ఇందాక చెప్పిన బిల్లీ మిచెల్ డాంకీకాంగ్ స్కోర్ల వీడియో టేపులు అసలు యంత్రం మీద ఆడినవేనా అన్న వివాదం లేచి, 2018లో ఆ సంస్థ అతని రికార్డులన్నీ తీసేసింది. 2020లో గిన్నిస్ వాళ్ళు తమ పుస్తకంలో తిరిగి చేర్చారు. కోర్టు వ్యవహారం నడిచి, 2024లో రాజీ కుదిరి, పాత రికార్డులుగా వాటిని చూపించడానికి సంస్థ ఒప్పుకుంది. అందుకే ఇప్పటివాళ్ళు మొదటి నుంచి చివరి దాకా అందరూ చూస్తుండగానే ఆడతారు.

ఇక యంత్రం తప్పు వల్ల చస్తే? డయాబ్లో 2 రోజుల్లో కంపెనీ ఖరాఖండిగా చెప్పింది, కారణం ఏదైనా హార్డ్‌కోర్ వీరుణ్ణి తిరిగి లేపం అని. అదే కంపెనీ 2023లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచింది. 2025లో ఎవరో ఆ సర్వర్ల మీద దాడి చేసి కనెక్షన్లు తెంపితే చాలామంది వీరులు చచ్చారు. ఈసారి కంపెనీ వాళ్ళను తిరిగి లేపింది. న్యాయమే అన్నవాళ్ళున్నారు, ఒక్కసారి లేపాక ఇక అది చావెలా అవుతుంది అన్నవాళ్ళూ ఉన్నారు. మా మేనల్లుడు పదో తరగతి. ఒకరోజు ఇంటర్నెట్ ఆగి వాడి వీరుడు చచ్చాడు. "మామా, ఇది నా తప్పు కాదు కదా, లెక్కలోకి రాదు కదా?" అని అడిగాడు. "నీ లెక్క నువ్వే రాసుకుంటున్నావు కదరా, నువ్వే చెప్పు" అన్నాను. అన్నం తినకుండా ఒక గంట కూర్చుని, చివరికి చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

ఇప్పుడు బనియాస్ దగ్గరకు వస్తాను. ఈ పేరు బనీ యాస్ అనే తెగల కూటమిది. లివా ఒయాసిస్సు నుంచి తీరం దాకా వాళ్ళదే. అబూధాబిని ఏలే కుటుంబం కూడా ఆ కూటమిలోదే. చమురుకు ముందు ఇక్కడి బతుకు ముత్యాల వేట. వేసవి వచ్చిందంటే మగవాళ్ళు పడవలెక్కేవాళ్ళు. మునిగేవాడు ముక్కుకు ఫితామ్ అనే బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఒకే ఊపిరితో అడుగుకు దిగేవాడు. చెడుగుడు కూతలాగే, ఊపిరి ఉన్నంతసేపే. పైన పడవలో సైబ్ అనేవాడు తాడు పట్టుకుని కూర్చుంటాడు. కింద నుంచి తాడు కదిలితే వెంటనే లాగాలి. అతని చూపు పక్కకు పోతే మునిగినవాడి పని అంతే. వాళ్ళలో చాలామంది పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకుని, ఆ అప్పు తీర్చడానికే మళ్ళీ మళ్ళీ మునిగేవాళ్ళు. ఏజెంటుకు అప్పు చేసి గల్ఫ్ విమానం ఎక్కిన మనవాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1930లలో జపాను పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వేటను ముంచేశాయి. 1962లో అబూధాబి నుంచి మొదటి చమురు ఓడ కదిలింది. ఆ తర్వాత మనం వచ్చాం.

ఆటగాడికీ, ముత్యాల మనిషికీ, పరంజా ఎక్కే మా కూలీకీ తేడా ఏమిటి? ఆటగాడు వెయ్యిసార్లు చచ్చి నేర్చుకోగలడు. మిగిలిన ఇద్దరికీ ఆ అవకాశం లేదు. కాబట్టి వాళ్ళు ఇతరుల ప్రమాదాల నుంచే నేర్చుకోవాలి. 1931లో హైన్‌రిచ్ అనే అమెరికా బీమా ఉద్యోగి ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, గాయం కాకుండా తప్పిపోయిన 300 ఘటనలు ఉంటాయని రాశాడు. ఆ అంకెలను తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు గాని, కొంచెంలో తప్పినవాటిని రాసుకోవాలన్న అలవాటు మా వృత్తిలో మిగిలింది. ఆటగాడి కాగితం లాంటిదే అది.

సైటు గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది, ప్రమాదం లేకుండా ఇన్ని లక్షల పని గంటలు అని. మర్నాడు పనికి రాలేనంత గాయం ఒక్కటి జరిగినా ఆ అంకె సున్నా అవుతుంది. అచ్చం హార్డ్‌కోర్ ఆటే. ఒక సైటులో పెద్ద అంకె దగ్గర పడుతోంది. చేరితే అందరికీ బిర్యానీ విందు, బహుమతులు. ఆ వారం నిజామాబాద్ వైపు కుర్రాడొకడి వేలు ఇనుప పలకల మధ్య నలిగింది. గుడ్డ చుట్టి, గ్లవ్ తొడుక్కుని రెండు రోజులు పనిచేశాడు. "నా వల్ల అందరి విందూ పోతుందన్నా" అన్నాడు. నేను ఆసుపత్రికి పంపి, రాయాల్సింది రాశాను. బోర్డు మీద సున్నా పడింది. వారం రోజులు చాలామంది నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం ఇద్దరు మేస్త్రీలు విడివిడిగా వచ్చి, అవే పలకల దగ్గర తమకు కొంచెంలో తప్పిన సంగతులు చెప్పారు. పలకలు పేర్చే పద్ధతి మార్చాం.

ఆటలో సున్నాకు భయపడటం తప్పు కాదు, ఆ భయమే ఆట. పోయేది ఏమిటో ఆడేవాడు తానే ఎంచుకున్నాడు. పనిలో అంకెను కాపాడటానికి గాయాన్ని దాస్తే, ఎవరి కోసం లెక్కపెడుతున్నామో వాళ్ళనే లెక్కలోంచి తీసేసినట్టు. ఈ దేశంలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. ఎండదెబ్బల గురించి ఎవరో రాయడం వల్ల, చెప్పడం వల్లనే ఇలాంటి నియమాలు పుడతాయి.

వింటున్న తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు నలభై గంటల ఆట పోయిందని ఏడిస్తే నవ్వకండి. తన మాటకు తాను కట్టుబడటం వాడు నేర్చుకుంటున్నాడు. క్యాంపు గదుల్లో వింటున్న తమ్ముళ్ళకు ఇంకో మాట. ఫోన్‌లో పబ్‌జీ ఆడుతూ వందమందిలో చివరి దాకా బతికినవాణ్ణి మెచ్చుకుంటారు కదా, రేపు పొద్దున పరంజా ఎక్కే ముందు మీ బెల్టు కొక్కెం ఒకసారి లాగి చూసుకోండి. పక్కవాడి కొక్కెం కూడా చూడండి. కొంచెంలో తప్పిన సంగతి ఏదైనా ఉంటే సాయంత్రం సూపర్‌వైజరుకు చెప్పండి, బోర్డు మీద అంకె ఏమైనా సరే.